అడవిపందికి రేటు, అడుగుజాడకు ఇనాం

నమీబియాలోనో దక్షిణాఫ్రికాలోనో ట్రోఫీ వేటలు నడిపే కంపెనీ రేట్ల కార్డు చేతికి దొరికితే ఓపిగ్గా చదవండి, కాలక్షేపానికి లోటుండదు. బబూన్ కోతికి ఇంత, నక్కకు ఇంత, కోరల అడవిపందికి ఇంత. ఇంపాలా జింకకు కొన్ని వందల డాలర్లు, మెలికల కొమ్ముల కుడూకు వేలల్లో, అడవిదున్నకు ఇంకా బాగా పైన. గుండు తగిలి ఒక్క చుక్క నెత్తురు నేలరాలి, జంతువు పొదల్లో పడి మాయమైందనుకోండి. అది చావకపోయినా ఫీజు మాత్రం చచ్చినట్టు కట్టాలి. చర్మానికి ఉప్పు పట్టించి, మందులో ముంచి, పెట్టెలో సర్ది ఓడెక్కించడానికి వేరే బిల్లు. గోడకు తగిలించే తలకాయ తయారీకి మరో బిల్లు. ఇంత నిక్కచ్చి మనుషులు కార్డు అడుగుకు వచ్చేసరికి ఉన్నట్టుండి కవులైపోతారు. సిబ్బందికి ఇచ్చే టిప్పు మాత్రం పూర్తిగా మీ ఇష్టమట, మీ మనసట, మీ సంతృప్తికి చిహ్నమట.

అంటే బబూన్‌కు ధర ఉంది. ఆ బబూన్ ఎటు పోయిందో తెల్లవారకముందే ఇసుకలో చూసి చెప్పిన మనిషికి లేదు.

మీ ఇష్టం అన్న మాట కింద తడి ఆరకముందే ఒక పట్టిక వస్తుంది. ప్రొఫెషనల్ హంటర్‌కు, అంటే పీహెచ్ గారికి, రోజువారీ బిల్లులో ఐదు నుంచి పది శాతం. ట్రాకర్‌కు రోజుకు పది డాలర్ల చిల్లర. చర్మం ఒలిచేవాడికి అంతకన్నా కాస్త తక్కువ. వంటవాడు, బట్టలు ఉతికే ఆవిడ, గుడారం ఊడ్చే కుర్రాడు, జీపు తుడిచేవాడు ఆ తర్వాత వరసగా. ఇష్టానికి ఇంత పొడవు టారిఫ్ ఉండటం నేనింకెక్కడా చూడలేదు. ఇందులో ఒక చిన్న చమత్కారం గమనించారో లేదో: చాలాచోట్ల తెల్లవాడైన పీహెచ్‌కు శాతం, దాదాపు ఎప్పుడూ నల్లవాడైన ట్రాకర్‌కు రొక్కం. కంపెనీ ఏటేటా రేటు పెంచితే శాతం దానంతటదే పెరుగుతుంది. పది డాలర్లు మాత్రం పది డాలర్లుగానే ఉండి ముసలివైపోతాయి.

ఇక ఆ రొక్కం సర్దుకోవడం ఉంది చూశారూ, అదొక యజ్ఞం. తుపాకీకి అమెరికా కస్టమ్స్‌వారి ఫారం ఒకటి, దక్షిణాఫ్రికా పోలీసులది మరొకటి నింపి ముగించిన పెద్దమనిషి, ఆ తర్వాత వారం రోజులు బ్యాంకు చుట్టూ తిరుగుతాడు. ఒకట్లు, ఐదులు, పదులు, ఇరవైలు కావాలి. వందనోటు ఇస్తే అడవిలో చిల్లర దొరకదు. పాత వరస నోట్లు పనికిరావు, చాలాచోట్ల 2009కి ముందువి ముట్టుకోరు. అంచు చిరగకూడదు, మడత నలగకూడదు, పెన్ను గీత ఉండకూడదు. మొత్తం పదివేల డాలర్లు దాటితే దేశం దాటేటప్పుడు అమెరికా ప్రభుత్వానికి చెప్పాలి. అన్నీ కవర్లలో పెట్టి, కవరు మీద వంటవాడు, ట్రాకర్ అని రాసుకుని (పేర్లు ఇంకా తెలియవుగా), చొక్కా లోపల నడుముకు కట్టుకుంటాడు. సింహానికి ఎదురు వెళ్లే వీరుడు దారి పొడుగునా తడుముకునేది తుపాకీని కాదు, నడుమును.

ఎందుకీ తంటా అని అడిగితే, అడవిలో ఏటీఎం ఉండదు కదా అంటారు. నిజమే, ఉండదు. మరి ట్రోఫీ ఫీజు ఎలా వెళ్తుంది? అది బ్యాంకు నుంచి బ్యాంకుకు సముద్రాలు దాటి క్షణంలో వెళ్తుంది. సింహం డబ్బుకు ఉన్న దారి ట్రాకర్ డబ్బుకు లేదు. పైగా ఇది ఆఫ్రికా. ఫోన్‌తోనే డబ్బు పంపే ఎం-పెసా కెన్యాలో 2007లోనే మొదలైంది. మన యూపీఐ పుట్టడానికి ఇంకా తొమ్మిదేళ్లు ఉంది. 2008లో ఎం-పెసా టాంజానియాకు పాకింది. జింబాబ్వేలో 2011 నుంచి ఎకోక్యాష్ ఉంది. మేకను అమ్మిన డబ్బు ఫోన్లో తీసుకునే ఊళ్ల మధ్యకు, నడుముకు నోట్ల కట్ట కట్టుకుని దిగి, పాపం వీళ్లకు బ్యాంకులు తెలియవని సానుభూతి చూపించడానికి ఎంత గుండె ఉండాలి!

జింబాబ్వే వాళ్లకు నోట్ల గురించి చెప్పబోవడం అయితే మరీ విడ్డూరం. 2009 జనవరిలో వాళ్లు వంద లక్షల కోట్ల డాలర్ల నోటు అచ్చువేసి, అదే ఏడాది సొంత డబ్బునే వదిలేసి అమెరికా డాలరుతో కాపురం పెట్టారు. చేతులు మారి మారి జిడ్డు పట్టిన ఒక డాలరు నోట్లను సబ్బునీళ్లలో ఉతికి తీగ మీద ఆరేశారు. కొట్టువాడు చిల్లర లేదని చాక్లెట్లు చేతిలో పెడితే తీసుకున్నారు. వాళ్లకు నోటు విలువ నేర్పగలిగిన వేటగాడు ఇంకా పుట్టలేదు.

ఈ టిప్పు ఆఫ్రికా ఆచారం అని చెప్పేవాళ్లున్నారు. కాదు. ఇది పెట్టెలో వచ్చిన సరుకు, పంపినవారి చిరునామా అమెరికా. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయాక, 1867లో మొదలైన పుల్మన్ రైలు కంపెనీ విడుదలైన నల్లవారినే పడక పెట్టెల్లో పోర్టర్లుగా పెట్టుకుంది. జీతం నామమాత్రం, మిగతాది ప్రయాణికుల దయ. ప్రయాణికులు వాళ్లందరినీ యజమాని జార్జి పుల్మన్ పేరుతో జార్జి అని పిలిచేవారు, ఒక్కొక్కరి పేరు గుర్తుపెట్టుకునే శ్రమ లేకుండా. వాళ్లు 1925లో యూనియన్ పెట్టి, కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించడానికి 1937 దాకా పట్టింది. టిప్పు దొరల అలవాటు, ప్రజాస్వామ్యానికి సిగ్గుచేటు అని కోప్పడి చట్టంతో నిషేధించిన తొలి అమెరికా రాష్ట్రం వాషింగ్టన్, అది 1909లో. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి గానీ 1926 నాటికి ఆ చట్టాలన్నీ చచ్చిపోయాయి. టిప్పు మాత్రం బతికింది. ఈనాటికీ టిప్పుల మీద బతికే ఉద్యోగికి ఆ దేశపు ఫెడరల్ కనీస వేతనం గంటకు 2 డాలర్ల 13 సెంట్లు. 1991 నుంచి ఒక్క సెంటు కదల్లేదు. డాలస్‌లో బిర్యానీ తిని లేచేటప్పుడు ట్యాబ్లెట్ తెర మన వైపు తిప్పి పద్దెనిమిదా, ఇరవయ్యా, పాతికా అని అడిగే ఆ చూపు వెనక ఉన్నది ఈ 2.13.

ఆ 1909లోనే, అమెరికా అధ్యక్ష పదవి దిగిన కొద్ది రోజులకు, థియొడోర్ రూజ్‌వెల్ట్ ఓడెక్కి తూర్పు ఆఫ్రికా వేటకు వెళ్లాడు. స్మిత్సోనియన్ మ్యూజియం పేరు మీద తండ్రీకొడుకులు ఇద్దరూ కలిసి కొట్టిన జంతువులు 512. లెక్క అంత ఖచ్చితంగా మనకు తెలుసు, ఎందుకంటే ఆయనే పుస్తకంలో పట్టిక వేసుకున్నాడు. చర్మాలకు పట్టించే ఉప్పు టన్నుల కొద్దీ, ఆయన గారు చదువుకునే పుస్తకాల పెట్టెతో సహా, నెత్తిన మోసినవాళ్లు రెండు వందల మందికి పైనే. వాళ్ల కోసం అంత చక్కని పట్టిక ఎవరూ వెయ్యలేదు. ఆ పద్ధతి ఎంత మన్నికైనదో 2015లోనూ చూశాం. జింబాబ్వేలో హ్వాంగే పార్కు పక్కన ఒక అమెరికన్ దంతవైద్యుడు బాణంతో కొట్టిన సింహం పేరు సెసిల్ అని లోకమంతా ఏడ్చింది. అతను కట్టిందన్న యాభై వేల డాలర్లూ గుర్తున్నాయి, దాని మెడలోని ఆక్స్‌ఫర్డ్ వాళ్ల కాలరూ గుర్తుంది. ఆ రాత్రి పక్కనున్న ట్రాకర్ పేరు చెప్పగలవాళ్లు ఎందరు?

ఇక్కడే అనుభవజ్ఞులైన వేటగాళ్లు కొత్తవాళ్లకు చెప్పే హితబోధ ఒకటి వినాలి. ఎక్కువ ఇవ్వకండి, వాళ్లను పాడుచెయ్యకండి, తర్వాత వచ్చేవాళ్లకు ఇబ్బంది అని. యాభై వేలు తీసుకుని కంపెనీ చెడిపోదు. పది శాతం తీసుకుని పీహెచ్ చెడిపోడు. యాభై డాలర్లు చూస్తే మాత్రం ట్రాకర్ చెడిపోతాడు! పేదవాడి శీలం ఎంత నాజూకైనదో ఈ లోకంలో ధనవంతులకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అందుకే కొందరు డబ్బు బదులు వాడిన బూట్లు, కంపెనీ టోపీలు, పాత చాకులు ఇచ్చి వస్తారు. అట్లాంటాలో చెత్తబుట్టకు వెళ్లాల్సిన బూటు లింపోపోలో దానమైపోతుంది. ఆఖరి రోజు పొద్దున్నే సిబ్బందిని వరసలో నిలబెట్టి, కవర్లు పంచి, ఫోటో తీయించుకుంటారు. ఆ ఫోటోలో దాత నవ్వు, అంతకు రెండు రోజుల ముందు చచ్చిన దున్న పక్కన కూర్చుని నవ్విన నవ్వు ఒకటే నవ్వు.

అసలు రహస్యం కంపెనీలే గర్వంగా చెబుతాయి: మా సిబ్బంది సంపాదనలో పెద్ద భాగం టిప్పులదే అని. దక్షిణాఫ్రికాలో 2025 మార్చిలో కనీస వేతనం గంటకు 28.79 రాండ్లు చేశారు. ఎనిమిది గంటలకు 230 రాండ్లు, డాలర్లలో పదమూడుకు అటూ ఇటూ. పట్టికలో ట్రాకర్‌కు రాసిపెట్టిన పది డాలర్లు దాదాపు ఒక రోజు కూలి. అంటే కంపెనీ ఇవ్వాల్సిన రెండో కూలి అతిథి జేబులోంచి వస్తోంది, అదీ పన్ను కాగితం లేకుండా, జీతం పెంచమని అడిగే అవకాశం లేకుండా. దీన్నే మనవాళ్లు అత్తసొమ్ము అల్లుడు దానం అన్నారు. ఇక్కడ అల్లుడు డబ్బూ తీసుకుంటాడు, పేరూ తీసుకుంటాడు. మొత్తం మా చేతికివ్వండి, మేమే సమంగా పంచుతాం అనే కంపెనీలూ ఉన్నాయి. సమంగా అంటే ఎంతో కవరు ఇచ్చినవాడికీ తెలియదు, పుచ్చుకున్నవాడికీ తెలియదు.

పది డాలర్ల పని ఏపాటిదో కూడా చూద్దాం. నమీబియాలో త్సుమ్‌క్వే చుట్టుపక్కల ఉండే సాన్ తెగ ట్రాకర్లను ముగ్గురిని 2013లో జర్మన్ పరిశోధకులు ఫ్రాన్సు దాకా తీసుకువెళ్లారు. పిరనీస్ కొండ గుహల్లో వేల ఏళ్ల కిందటి మనుషుల అడుగుజాడలున్నాయి. ఒకచోట మడమల గుర్తులు మాత్రమే కనబడితే, ఏదో పూజలో నాట్యం చేసి ఉంటారని పండితులు ఎప్పటినుంచో రాస్తూ వచ్చారు. ఈ ముగ్గురూ వంగి చూసి, నాట్యమూ లేదు గీట్యమూ లేదు, ఒక పెద్దవాడు, ఒక కుర్రవాడు బంకమట్టి తవ్వి మోసుకుపోయారు అని చెప్పారు. విశ్వవిద్యాలయాలు నోట్సు రాసుకున్నాయి. దక్షిణాఫ్రికాకు చెందిన లూయీ లీబెన్‌బర్గ్ అయితే అసలు విజ్ఞానశాస్త్రం పుట్టిందే ఈ జాడ చదివే విద్యలోంచి అని 1990లో ఏకంగా పుస్తకం రాశాడు. అదే విద్య వేట శిబిరంలో వంటవాడికి కాస్త పైన, పీహెచ్‌కు చాలా కింద, చిల్లర కవర్లో.

డబ్బు చేర్చడం చేతకాక ఇలా జరుగుతోందని ఎవరైనా అంటే నమ్మకండి. అదే త్సుమ్‌క్వేలో న్యాయ్ న్యాయ్ కన్సర్వెన్సీ 1998 నుంచి ఉంది. అక్కడి అడవి మీద హక్కు జనానిది. వేట కంపెనీ వాళ్లతో ఒప్పందం చేసుకుంటుంది, ఏనుగుకు ఇంత అని కన్సర్వెన్సీకి కడుతుంది. మాంసం ఊళ్లకు వెళ్తుంది, ఏటా సభ్యులకు పంపకం జరుగుతుంది. వేట మంచిదా చెడ్డదా అన్న తగువు నేనిప్పుడు పెట్టుకోను, అది వేరే రోజు పని. కానీ కాగితం మీద సంతకంతో వచ్చిన డబ్బు తీసుకునేవాడు ఎవరికీ వంగి దణ్ణం పెట్టనక్కర్లేదు. కంపెనీలకు అది తెలుసు. అందుకే చచ్చిన ఏనుగు దాకా ఒప్పందం, బతికున్న కూలివాడి దగ్గర ఔదార్యం.

పట్టికలో ఇంకో వరస గురించి చెప్పలేదు కదూ. జింబాబ్వే, టాంజానియా, జాంబియాల్లో వేట జీపులో ఒక గేమ్ స్కౌట్ కూర్చుంటాడు. ఆయన కంపెనీ మనిషి కాదు. వేట రూలు ప్రకారం జరుగుతోందా లేదా అని చూడటానికి పెట్టిన మనిషి. టాంజానియాలో ఆరేళ్లు నిండని సింహాన్ని కొట్టకూడదు. వయసు చెప్పే గుర్తుల్లో ఒకటి ముక్కు మీద నలుపు: సింహం ముదిరేకొద్దీ గులాబి రంగు పోయి నల్లబడుతుంది. ఇప్పుడు దృశ్యం ఊహించండి. అక్కడ సింహం కోసం వచ్చినవాడు 21 రోజుల వేట కొనుక్కున్నాడు, పంతొమ్మిది అయిపోయాయి. ఎర దగ్గరికి ఒక మగసింహం వచ్చింది. ముక్కు నల్లగా ఉందా, మచ్చలు మచ్చలుగా ఉందా? బైనాక్యులర్ పీహెచ్ చేతిలో, ఆయన శాతం అతిథి సంతృప్తిలో. ట్రాకర్ కవరు అతిథి నడుముకు. వీళ్లందరినీ కనిపెట్టాల్సిన స్కౌట్‌కు కూడా పట్టికలో, వంటవాడికీ బట్టల ఆవిడకూ మధ్యన, రోజుకు ఇంత అని రాసి ఉంది. ఎక్కువమంది స్కౌట్లు నిజాయతీపరులే అయి ఉంటారు. కానీ ఆ నిజాయతీని రోజూ సాయంత్రం చలిమంట దగ్గర ఆరేసి పరీక్షించే ఏర్పాటు ఇది.

మన దగ్గర ఇదే పని చెక్‌పోస్టులో జరిగితే ఏసీబీవాళ్లు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూసి పంపిస్తారు. పుచ్చుకున్నవాడి వేళ్లు సోడా నీళ్లలో ముంచగానే గులాబి రంగు తేలుతుంది, మర్నాడు జిల్లా పేజీలో ఫోటో. అక్కడ నోటు మీద మడత కూడా ఉండకూడదు. వ్యాపారం కోసం విదేశీ అధికారికి లంచం ఇవ్వడం నేరమని అమెరికా 1977లోనే చట్టం చేసింది. వేటగాడికి ఆ చట్టంతో పేచీ ఏమీ లేదు. అతను వచ్చింది వ్యాపారానికి కాదు, సెలవులకు.