నొప్పించని రంగు

బోయినపల్లి మండలం మన్వాడ దగ్గర మధ్యమానేరు జలాశయం కట్టారు. 27 టీఎంసీలకు పైగా నీళ్లు పడతాయి. ఆ నీళ్ల కింద కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి లాంటి ఊళ్లు మునిగిపోయాయి. పునరావాస కాలనీల్లో జాగాలైతే వచ్చాయి గానీ, ఇల్లు కట్టుకోవడం అంత తొందరగా తెమిలే పని కాదు. ఒక తల్లి ఇంటికి, కొడుకు పంపిన దుబాయి పైసలతో ఏటికింత చొప్పున గోడలు లేచాయి, స్లాబు పడింది. అక్కడ అతనిది పెయింటర్ పని. రంగుల వేళకు సెలవు పెట్టి తనే వచ్చాడు.

హాలుకు గ్రే వేస్తానన్నాడు. వాడకట్టంతా కాదన్నది. "ఇల్లన్నంక పచ్చగనో గులాబి తీరుగనో ఉండాలె. పైసలు పెట్టి సిమెంటు రంగేసుకునుడేంది?"

అతను వాదించలేదు. లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, గోడ మీద మూడు గ్రేలు జానెడు వెడల్పున పూసి ఆరనిచ్చాడు. పొద్దున, మిట్టమధ్యాహ్నం, రాత్రి ట్యూబులైటు వెలుతురులో అందరినీ పిలిచి చూపించాడు. ఉత్తరం కిటికీ వెలుగులో మొదటిది నీలం కొట్టింది. రెండోది ఊదా తిరిగింది. గ్రే అంటే ఉత్త తెలుపూ నలుపూ కాదని, అందులో కలిసిన చుక్క రంగును వెలుగే బయటపెడుతుందని చెప్పాడు. మట్టిచాయ కలిసిన మూడోది మాత్రం మూడు పూటలా ఒక్క తీరుగానే ఉంది.

"ఈ రంగు ఎవ్వల్నీ నొప్పియ్యది అవ్వా. దేవుని పటాలు పెట్టు, నాయిన ఫొటో పెట్టు, ఏది పెట్టినా ఒప్పుతది" అన్నాడు.

అతని భయమంతా తల్లితోనే. పాత ఇంట్లో ప్రతి దసరాకు మోకాలెత్తు దాకా జాజు, ఆ పైన తెల్లటి సున్నం తన చేత్తోనే పూసుకున్న మనిషి. గ్రే అంటే ఒప్పుకుంటుందా? ఆమె దగ్గరికొచ్చి మూడో పట్టీ మీద అరచెయ్యి ఆనించి, "గిదే ఎయ్యి కొడుకా" అన్నది. వాడకట్టు నోరు మూతపడింది.

రెండు కోట్లు పడ్డాక హాలుకు నిండుదనం వచ్చింది. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు మెచ్చుకుంటుంటే, "మా అవ్వనే ఏరింది" అని కొడుకు మురిసిపోతూ చెప్పాడు.

"గంత రంగుల మనిషివి, గిదెట్ల నచ్చింది వదినా?" అని ఆడబిడ్డ అడిగింది.

"మొన్న ఎండకాలం నీళ్లు దిగినయ్ గదా, పోయి సూసచ్చిన. నేను పూసిన జాజు లేదు, సున్నం లేదు. ఒండ్రు పట్టి మనింటి గోడలన్నీ గిదే రంగుకు తిరిగినయ్."