సార్వభౌముడి చేతివాటం

సర్కారు వల్ల నష్టపోవడం మీ నుదుట రాసిపెట్టి ఉంటే, సర్కారు జీపు కింద పడండి. షెడ్డులో రిపేరు చేయించుకుని తిరిగొస్తున్న జీపైతే మరీ శ్రేష్ఠం. ఉదయ్‌పూర్‌లో కలెక్టరు జీపు అలాగే వస్తూ దారినపోయే మనిషిని గుద్ది చంపితే, పరిహారం ఇచ్చితీరాల్సిందేనని రాజస్థాన్ ప్రభుత్వానికి సుప్రీంకోర్టు 1962లో తేల్చిచెప్పింది.

బంగారంతో మాత్రం పోలీసుల కంటపడకండి. 1947 సెప్టెంబరులో అమృత్‌సర్ నగల వ్యాపారి ఒకాయన మీరట్‌లో రైలు దిగాడు. దొంగ సొత్తేమోనని పోలీసులు పట్టుకుని, 103 తులాల పైచిలుకు బంగారాన్నీ, దండిగా ఉన్న వెండినీ ఠాణా మాల్‌ఖానాలో పెట్టారు. మర్నాడు మనిషిని వదిలారు. తర్వాత వెండి ఇచ్చారు. బంగారం మాత్రం, దాన్ని కాపాడాల్సిన హెడ్ కానిస్టేబుల్‌తో పాటు పాకిస్తాన్ వెళ్లిపోయింది.

లా విద్యార్థులు బట్టీపట్టే కస్తూరిలాల్ కేసు ఇదే. పోలీసులది నిర్లక్ష్యమేనని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అయితే అరెస్టూ, స్వాధీనమూ సార్వభౌమాధికారం కిందికి వస్తాయి కనుక సర్కారు పైసా ఇవ్వక్కర్లేదంది. స్టీరింగు పట్టుకుంటే సర్కారు మామూలు యజమాని, లాఠీ పట్టుకుంటే మహారాజు!

ఈ తేడాకు మూలం 1861 నాటి కలకత్తా తీర్పు. కిదిర్‌పూర్ డాక్‌యార్డు కూలీలు ఇనప సామాను దభాలున పడేస్తే గుర్రం బెదిరి గాయపడింది. డాక్‌యార్డు నడపడం మామూలు యజమాని పనే కనుక దానికి 350 రూపాయలు ముట్టాయి. గుర్రం చేసుకున్న పుణ్యం 103 తులాలకు లేకపోయింది. ఈస్టిండియా కంపెనీ దొరల కాలంలో ఎంత బాధ్యతో, రాజ్యాంగం 300వ అధికరణం ప్రకారం ఇప్పటికీ అంతే. ఆ దొరలేమో 1947లోనే తమ దేశంలో చట్టం చేసి రాజుగారి కవచాన్ని చాలావరకు విప్పేశారు.

మనకూ ఒక చట్టం కావాలని లా కమిషన్ 1956లో తన మొట్టమొదటి నివేదికలోనే చెప్పింది. 1965లో, 1967లో బిల్లులొచ్చి మురిగిపోయాయి.

అన్నట్టు మన ఎరువుల వ్యాపారి నాగేంద్రరావు కేసులో మురిగింది సరుకు. 1975లో జప్తు చేసిన ఎరువులు, తిరిగివ్వమనేసరికే పాడైపోయాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సార్వభౌమ కవచం తొడుక్కుంది. ఎరువుల గోదాముకు అంత రాజసం అక్కర్లేదని సుప్రీంకోర్టు 1994లో ఆ కవచం ఊడదీసింది.

చట్టమే ఉంటే ఇదంతా ఒక పేజీలో తేలిపోయేది. లేదు కనుక పంతొమ్మిదేళ్లు పట్టింది. ఆ పంతొమ్మిదేళ్లూ వ్యాపారి వకీలుకు వ్యాపారి ఫీజిచ్చాడు. సర్కారు వకీలుకు ఎవరిచ్చారంటారా? ఆ వ్యాపారితో సహా మనమంతా.