బొమ్మ బాగుందని అనకండి

పిల్లలు బొమ్మ వేసి తెచ్చి చూపిస్తే "అబ్బ, ఎంత బాగుందో!" అనకండి. నా మొదటి సలహా ఇదే. వినగానే తిక్క సలహాలా అనిపిస్తుందని తెలుసు. ఆ తర్వాత చెప్పేవీ అలాగే ఉంటాయి. చేతకాని పనే ఎంచుకోండి, మనసు బాగాలేనప్పుడు అందమైన బొమ్మలు వెయ్యకండి, వేసింది చెరిపేయండి అంటాను. పిల్లలతోనూ పెద్దవాళ్లతోనూ ఒకే ఇంట్లో ఇన్నేళ్లు గడిపాక చెబుతున్న మాటలివి, మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉండగా బడిలో డ్రాయింగ్ పోటీ పెట్టారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద పూరిల్లు, పక్కన కొబ్బరిచెట్టు, దాని వెనక నుంచి నాలుగు గీతల ఏరు. మొదటి బహుమతిగా స్టీలు గిన్నె ఇచ్చారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆ గిన్నె, ఆ బొమ్మ చూపించి మురిసిపోయాను. అంతకుముందు ఆ పిల్ల గోడల మీద, కరెంటు బిల్లుల వెనక ఏడు కాళ్ల గేదెల్ని, రెక్కలున్న ఆటోల్ని వేసేది. బహుమతి వచ్చాక గేదెలూ పోయాయి, ఆటోలూ పోయాయి. ఎప్పుడు కాగితం ఇచ్చినా అవే రెండు కొండలు.

మరుసటి ఏడాది మా నాన్న పోయారు. తాతయ్యంటే దానికి ప్రాణం. అన్నం ముందు కూర్చుని కెలికేది, తినేది కాదు. "తాతయ్య బొమ్మ వెయ్యమ్మా" అని ఓ రోజు కాగితం ముందు పెట్టాను. పెన్సిల్ పట్టుకుని చాలాసేపు కూర్చుంది. "నాకు మనుషులు రారమ్మా, బాగా రాదు" అని లేచిపోయింది. దుఃఖంలో ఆసరాగా నిలవాల్సిన పనిని నా మెప్పు, ఆ స్టీలు గిన్నె కలిసి దానికి దూరం చేశాయి. ఆ తప్పు నాది.

అమెరికాలో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో ఒక పరిశోధన ప్రచురించారు. బొమ్మలంటే ఇష్టమున్న 3 నుంచి 5 ఏళ్ల పిల్లల్లో కొందరికి, స్కెచ్ పెన్నులతో బొమ్మ వేస్తే యోగ్యతాపత్రం ఇస్తామని ముందే ఆశపెట్టి వేయించారు. కొందరికి చెప్పకుండా వేశాక ఇచ్చారు. మిగిలినవాళ్లకు ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్లాగి అవే స్కెచ్ పెన్నులు మళ్లీ అందుబాటులో ఉంచారు. ఆశపడి వేసిన పిల్లలు వాటితో గడిపిన సమయం తక్కినవాళ్లతో పోలిస్తే సుమారు సగమే. అనుకోకుండా ఇచ్చిన బహుమతి ఏ హానీ చేయలేదు. పొగడ్తా బహుమతీ ఒకటి కాకపోవచ్చు. కానీ మన ఇళ్లలో పొగడ్త రోజూ అందుతుంది, రోజూ అందేదాని కోసం పిల్లలు ఎదురుచూస్తారు. నేను భయపడేది అందుకే.

మరేమనాలి? కనిపించింది అనండి. "ఈ ఇంటికి తలుపు లేదే", "ఈ మూలంతా నలుపు నింపావే". అని ఊరుకోండి. తర్వాతి మాట పిల్లలది.

ఇక పెద్దవాళ్ల సంగతి. బాగా వచ్చిన పని చేసుకుంటే మనసు కుదుటపడుతుందంటారు. నేను ఒప్పుకోను. మా పిన్నిది నరసాపురం వైపు, లేసు అల్లడంలో ఆవిడ చెయ్యి తిరిగింది. కొడుకు మాట పట్టింపుతో ఇల్లు వదిలి వెళ్లిపోయినప్పుడు ఆవిడ పొద్దంతా లేసు అల్లుతూనే ఉంది. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి, మనసు కొడుకు చుట్టూ తిరిగేది. ఓ మధ్యాహ్నం మనవడు వినాయక చవితికి తెచ్చిన మట్టి మిగిలిందని ఆవిడ చేతిలో పెట్టి ఏనుగు చెయ్యమన్నాడు. తొండం నిలబడదు. నిలబెడితే చెవి ఊడుతుంది. చెవి అతికిస్తే కాళ్లు కుంగుతాయి. తడి ఎక్కువైందని కాసేపు ఎండలో పెట్టింది, అగ్గిపుల్ల విరిచి తొండం లోపల గుచ్చింది. ఆ గంటసేపూ కొడుకు గుర్తుకు రాలేదని రాత్రి ఆవిడే ఆశ్చర్యపోతూ చెప్పింది.

2016లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజ కైమళ్ బృందం 39 మంది పెద్దవాళ్లకు మట్టి, స్కెచ్ పెన్నులు, అతికించుకునే కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు నచ్చింది చేసుకోమంది. ముందూ వెనకా లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు, అది ఒత్తిడిలో పెరిగే హార్మోను. దాదాపు 75 శాతం మందిలో తగ్గింది. అంతకుముందు కళలో అలవాటు ఉందా లేదా అన్నదానితో తేడా రాలేదు. చిన్న పరిశీలనే, అయినా "నాకేం రాదు" అని వెనక్కి జరిగేవాళ్లకు చాలినంత భరోసా అందులో ఉంది. సామాను కోసం బజారుకు వెళ్లక్కర్లేదు. పాత శుభలేఖల వెనక వైపు, చిరిగిన చీర ముక్కలు, కుండీలో మట్టి చాలు.

మనసు బాగాలేనప్పుడు పువ్వులూ సీతాకోకచిలుకలూ వెయ్యకండి. కోపం వస్తే కోపాన్నే గియ్యండి, కాగితం చిరిగినా సరే. రాసే అలవాటుంటే రాయండి. జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను బాగా కలచివేసిన సంఘటన గురించి రాశారు. రాసిన వెంటనే వాళ్లకు బాధ పెరిగింది. తర్వాతి నెలల్లో మాత్రం, జరిగిందీ దానివల్ల పడ్డ బాధా రెండూ కలిపి రాసినవాళ్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. అందుకే రాస్తూ ఏడుపొస్తే అది తప్పు దారి అనుకోకండి. రాసింది ఎవరికీ చూపించకండి. పిల్లలు రాసుకున్నది మీరూ తెరవకండి. అయితే రోజులు గడిచినా బాధ దిగకపోతే, నిద్ర పట్టకపోతే, బతకాలనిపించకపోతే కాగితాన్ని నమ్ముకుని కూర్చోకండి. 14416కు ఫోన్ చెయ్యండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్, డబ్బు అడగరు, తెలుగులో మాట్లాడతారు.

చివరి సలహా చెరిపేయమని. ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టకండి, ఫ్రేము కట్టించకండి. ఇది మనవాళ్లకు కొత్త కాదు. తంగేడు, గునుగు ఏరి తెచ్చి పొద్దంతా పేర్చిన బతుకమ్మను సాయంత్రం ఆడిపాడి చెరువులో వదిలేస్తాం. చేత్తో చేసిన మట్టి వినాయకుణ్ణి నీళ్లలో కలిపేస్తాం. ముగ్గు సంగతి చెప్పనే అక్కర్లేదు.

నాన్న పోయాక మైల రోజుల్లో మా వాకిట్లో ముగ్గు లేదు. బోసి వాకిలి చూసి వీధిన పోయేవాళ్లు ఆగి అడిగేవారు. పెద్దకర్మ అయిన కొన్నాళ్లకు అమ్మ తెల్లవారుజామునే లేచి కళ్లాపి చల్లింది. "నీకెందుకమ్మా, కూతురుందిగా" అంది పక్కింటావిడ. అమ్మ జవాబివ్వలేదు. 7 చుక్కలు, 4 వచ్చేవరకు సందుచుక్క. మెలికల ముగ్గు. యాభై ఏళ్లుగా వేసిందే. మూడో వరస దగ్గర మెలిక తప్పింది, గీత మొదలుపెట్టిన చోటికి తిరిగి రాలేదు. అరచేత్తో తుడిచి మళ్లీ చుక్కలు పెట్టింది. మళ్లీ తప్పింది, మళ్లీ తుడిచింది. తెల్లారేసరికి నేల మీద తెల్లటి మరకలు, వాటి మీద వంకర ముగ్గు. మధ్యాహ్నానికి అదీ పోయింది. మర్నాడు మళ్లీ కళ్లాపి. వారానికి గీత కలిసింది.

ఆ వారమంతా మా అమ్మాయి గుమ్మంలో కూర్చుని చూసింది. ఎనిమిదో రోజున అమ్మమ్మ చిప్పలో మిగిలిన పిండి తీసుకుని గేటు పక్కన ఏదో వేస్తోంది. వెళ్లి చూస్తే మనిషి, మనిషి కంటే పొడుగైన చేతికర్ర. నోటిదాకా వచ్చిన "భలే ఉందే"ని ఆపుకున్నాను.

"కర్ర ఇంత పొడుగుందే?"

"దాంతోనేగా తాతయ్య మామిడికాయలు దులిపేది," అంది తల ఎత్తకుండా.

పదింటికి పాలసైకిలు దాని మీద నుంచే వెళ్లింది. మర్నాడు మళ్లీ వేసింది, ఈసారి చెట్టుతో సహా. ఆ రోజు అన్నం కెలకలేదు.

రేపు పొద్దున మీరు ముగ్గు వేసేటప్పుడు చిప్పలో గుప్పెడు పిండి మిగల్చండి. పిల్లల్ని పిలిచి చిప్ప వాళ్ల చేతికివ్వండి. ఏం వేసినా సరే, బాగుందని మాత్రం అనకండి.