పట్టా మీది, పంట వాళ్లది

అర్ధరాత్రి నిద్రపట్టక, ఆన్‌లైన్‌లో నలుగురూ చూసే చోట తోడల్లుడి మీద అక్కసంతా నాలుగు పేరాల్లో వెళ్లగక్కారనుకోండి. కంగారొద్దు, మీరిప్పుడు రచయిత! 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సొంత రాతకు రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. మీరున్నంతకాలమే కాదు, పోయాక ఇంకో 60 ఏళ్లూ హక్కు ఉంటుంది. ఆ తిట్లు మీ మనవలకు పిత్రార్జితం. (పొద్దున్నే పంపే గులాబీ పువ్వు శుభోదయానికి ఇది వర్తించదు. అది మీరు గీసింది కాదు.)

మరి గోప్యత? ప్రాథమిక హక్కేనని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒక్క మాటగా చెప్పారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమూ వచ్చింది. అందులో మూడో సెక్షన్ చూడండి: ఎవరికి వారు బయటపెట్టుకున్న వివరాలకు ఈ చట్టం వర్తించదట! రాతకు అరవై ఏళ్ల కాపలా, రాసినవాడి గుట్టుకు మీట నొక్కేదాకానే.

2024లో రెడిట్ అనే ఆన్‌లైన్ చర్చావేదిక తన జనం కబుర్లను ఏఐ చదువుల కోసం గూగుల్‌కు ఇచ్చింది. ఏడాదికి సుమారు 6 కోట్ల డాలర్లని వార్త. రాతల మీద యాజమాన్యం రాసినవారిదేనని ఆ సంస్థ నిబంధనల్లో భద్రంగా ఉంది. ఆ వెంటనే, వాటిని ఉచితంగా, శాశ్వతంగా వాడుకునే, ఇతరులకూ ఇచ్చుకునే అనుమతీ ఉంది.

ఒళ్లు మండి రెడిట్ ఖాతా మూసేస్తే? రాతలు అక్కడే ఉంటాయి, మీ పేరొక్కటే చెరిపేస్తారు. గోప్యత కావాలన్నారుగా!