అల్సర్ ఉన్నవాళ్ళకు ఈ సలహాలు ఇవ్వకండి

“కారం మానెయ్, అదే తగ్గిపోతుంది.” కడుపులో మంట అనగానే మన ఇళ్ళలో వినిపించే మొదటి మాట ఇది. ఆవకాయ జాడీ అటకెక్కుతుంది, పెరుగన్నంతో రెండు నెలలు గడుస్తాయి, పుండు ఎక్కడిదక్కడే ఉంటుంది. ఉన్న పుండు మీద కారం పడితే కొందరికి మంట పెరుగుతుంది, నిజమే. ఆ పుండు పుట్టడానికి ఎక్కువ మందిలో కారణాలు రెండే: హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా, నొప్పి బిళ్ళలు.

“టెన్షన్ తగ్గించుకో, అల్సర్ దానివల్లే.” డాక్టర్లు కూడా చాలాకాలం ఇదే చెప్పారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ ఈ బాక్టీరియా సంగతి బయటపెట్టినా, జీర్ణాశయంలోని యాసిడ్‌లో ఏ క్రిమీ బతకదనే నమ్మకం కొద్దీ చాలామంది ఒప్పుకోలేదు. 1984లో మార్షల్ ఆ క్రిములను తనే తాగేశాడు. కొద్దిరోజులకే వాంతులు పట్టుకున్నాయి, జీర్ణాశయం లోపలి పొర వాచింది. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఈ క్రిమి యూరియాను అమ్మోనియాగా మార్చి తన చుట్టూ ఉన్న యాసిడ్‌ను విరిచేసుకుంటుంది, జిగురు పొరలో దూరి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. పొర దెబ్బతిన్నచోట మన యాసిడే మన కండను తినేస్తుంది. మనసు ప్రశాంతంగా ఉంచుకోవడం మంచిదే, కానీ క్రిమి పోవాలంటే యాంటీబయాటిక్స్ పడాల్సిందే.

“మంట తగ్గిందిగా, ఇంకా మందులెందుకు?” మంట తగ్గించింది యాంటీబయాటిక్స్‌తోపాటు ఇచ్చిన యాసిడ్ తగ్గించే మాత్ర. క్రిములు ఇంకా చావలేదు. మామూలుగా 14 రోజులు రాస్తారు. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి, రెండోసారి వైద్యం కష్టమవుతుంది.

“పాలు తాగి పడుకో.” కాసేపు హాయిగానే ఉంటుంది. ఆ పాలలోని కాల్షియం, మాంసకృత్తులే మళ్ళీ యాసిడ్‌ను ఊరిస్తాయి.

“మోకాళ్ళ నొప్పికి రోజూ ఒకటి వేసుకో, ఏం కాదు.” నాకు అన్నిటికన్నా భయం వేసేది ఈ సలహాకే. మెడికల్ షాపులో నాలుగు బిళ్ళలు కత్తిరించి ఇస్తారు. ఆ ముక్క మీద మందు పేరు సగం తెగిపోయి ఉంటుంది, తేదీ అసలే ఉండదు. అమ్మమ్మ దాన్ని కొంగున ముడేసుకుని రోజూ సాయంత్రం ఒకటి మింగుతుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి నొప్పి కలిగించే ప్రోస్టాగ్లాండిన్లను ఆపుతాయి. జీర్ణాశయానికి జిగురు పొరనూ, రక్తప్రసరణనూ కాపాడేవీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. అందుకే “తిన్నాక వేసుకుంటే ఏం కాదు”, “ఇంజెక్షనైతే కడుపుకి ఫర్వాలేదు” అనే మాటలు కూడా తప్పే. మందు రక్తంలో కలిశాక అది ఏ దారిన లోపలికి వచ్చినా పొర పలచబడుతుంది. గుండెకు ఆస్పిరిన్ వాడేవాళ్ళు మాత్రం దాన్ని సొంతంగా ఆపకూడదు, డాక్టర్‌ను అడగాలి.

పెద్దవయసువాళ్ళలో ఈ పుండు తరచుగా నొప్పే పెట్టదు. లోలోపల రక్తం కారుతూ ఉంటుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పాలిపోయిన నాలుక, ఎప్పుడు చూసినా నీరసం. అప్పుడు ఇంకొకరు, “రక్తం తక్కువైంది, ఐరన్ టానిక్ పట్టించండి” అంటారు. ఐరన్‌తో విరేచనం ఎలాగూ నల్లబడుతుంది కాబట్టి, రక్తం వల్ల నల్లగా పోతున్నా ఎవరికీ అనుమానం రాదు. రక్తం ఎందుకు తగ్గిందో తేల్చకుండా టానిక్‌తో సరిపెట్టడం ఆ మనిషికి మనం చేసే అన్యాయం.

“గ్యాస్ బిళ్ళ రోజూ వేసుకుంటే చాలు, ఎండోస్కోపీ ఎందుకు?” నొప్పి బిళ్ళలు తప్పనిసరైన వాళ్ళకు డాక్టరే పాంటాప్రజోల్ లాంటిది రాస్తారు, అది వేరు. ఎవరికి వారే నెలల తరబడి మింగితే పుండే కాదు, కడుపు కేన్సర్ లక్షణాలు కూడా కొంతకాలం మరుగున పడొచ్చు. బరువు తగ్గుతున్నా, ముద్ద దిగకపోయినా, రక్తం తగ్గినా ఎండోస్కోపీ వాయిదా వేయకండి. పైలోరీ కోసం శ్వాస పరీక్షో మల పరీక్షో చేయించేముందు ఆ గ్యాస్ బిళ్ళను డాక్టర్‌కు చెప్పి రెండు వారాలు ఆపాలి. లేకపోతే క్రిమి ఉన్నా లేదని రావచ్చు.

“పొద్దున్నే చూద్దాంలే.” వాంతిలో రక్తం గానీ కాఫీపొడి రంగు పదార్థం గానీ కనిపిస్తే, విరేచనం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో అయితే, పొట్టలో ఒక్కసారిగా పొడిచినట్టు నొప్పి వచ్చి పొట్ట బిగుసుకుపోతే రాత్రని ఆగకండి. ఆ మూడోది పుండు చిల్లుపడిందనడానికి గుర్తు కావచ్చు, వెంటనే ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. కాబట్టి సోడా, మజ్జిగ, మంచినీళ్ళు ఏవీ పట్టించకండి. 108కి ఫోన్ చేసి, ఇంట్లో వాడుతున్న మాత్రలన్నీ, పేరు తెగిపోయిన ముక్కలతో సహా, సంచిలో వేసుకుని బయల్దేరండి. ఆస్పత్రిలో ముందు అడిగేవాటిలో అవీ ఉంటాయి.