కైరోలో కోడిగుడ్ల వ్యాకరణం

బళ్లో సంస్కృతం పీరియడ్లో "రామః, రామౌ, రామాః" అని వల్లించి, పరీక్ష రాసి, ఆ మధ్యవాడి పీడ విరగడైందనుకున్నాను. వాడు నాకంటే ముందే నైలు ఒడ్డుకొచ్చి కాచుక్కూర్చున్నాడు. అరబ్బీలోనూ ఇద్దరికి ప్రత్యేకంగా ఒక సర్వనామం, ఒక క్రియారూపం. అందుకని మా గదికి స్నేహితుల్ని పిలిస్తే ఒక్కణ్ని పిలుస్తాను, లేదంటే ముగ్గుర్ని. ఇద్దరే వచ్చారా, కిందకి పరిగెత్తి బవ్వాబును లాక్కొస్తాను.

బవ్వాబంటే భవనానికి కాపలాదారు. ఎవరింటికి ఎవరొచ్చారో, ఎవరు ఏం మోసుకొచ్చారో ఆయనకి తెలియనిది లేదు. నన్ను "యా దక్తూర్" అంటాడు. డాక్టరేట్‌కి నేనింకా దరఖాస్తే పెట్టలేదు గానీ, ఆయన ప్రదానం చేసేశాడు.

అన్నిటికన్నా చిక్కు గుడ్లతో. మూడు నుంచి పది దాకా అరబ్బీ అంకెలకు ఒక తిక్క ఉంది. లెక్కపెట్టే వస్తువు స్త్రీలింగమైతే అంకె పంచె కట్టాలి. పుంలింగమైతే అంకె చీర కట్టాలి. గుడ్డు స్త్రీలింగం. దొక్కీలో మా వీధి చివరి కొట్టు ముందు నిలబడి, లింగం తిరగేసి, బహువచనం చేసి, విభక్తి తగిలించి "ఐదు గుడ్లు" అనబోయేసరికి నా వెనకాలవాళ్లు సరుకులు కట్టించుకుని ఇళ్లకు చేరుంటారు. ముప్పైకి ఈ పట్టింపు లేదు. ఏ లింగానికైనా ఒకటే ముప్పై! దేవుడి దయవల్ల ఇక్కడ గుడ్లు ముప్పై పట్టే అట్టల్లో దొరుకుతాయి. "కర్తూనా" అంటే చాలు, చేతిలో పెడతారు. పొద్దున ఆమ్లెట్టు, రాత్రి గుడ్ల పులుసు. మధ్యాహ్నం మాత్రం కుషరీ: అన్నం, పప్పు, మాకరోనీ, శనగలు కలిపి, పైన టమాటా సాసు, వేయించిన ఉల్లిపాయలు. చిన్నదో పెద్దదో చెబితే చాలు, అంకె అక్కర్లేదు.

ఇంతా చేస్తే ఈ ఊళ్లో మాట్లాడుకునే అరబ్బీలో విభక్తులు లేవు, క్రియకు ద్వివచనమూ లేదు. ఆ మాట మొదట్లోనే చెబితే వ్యాకరణం క్లాసుకి ఫీజు కట్టేదెవరు? నా పుస్తకాల అరబ్బీని బవ్వాబు మర్యాదగా వింటాడు గానీ, ఆయన మనవడు మాత్రం పడీపడీ నవ్వుతాడు. వాడెరిగినంతలో అలా మాట్లాడేది టీవీలో కార్టూన్ వీరులు, చారిత్రక సీరియళ్లలో సేనాపతులు. గుంటూరు రైతుబజార్లో ఎవరైనా చిన్నయసూరి తెలుగులో "ఓయీ, యీ వంకాయల వెల యెంత?" అంటే మన పిల్లలు మాత్రం ఊరుకుంటారా!

మొన్న సాయంత్రం ఎదురింటి పెద్దావిడ తలుపు తట్టింది. అందరూ ఆవిణ్ని "తాంత్" అంటారు. కేకు చేస్తోందట, గుడ్లు చాల్లేదట. ఈ దక్తూర్ ఇంట్లో వాటికి కొదవలేదని బవ్వాబే చెప్పి పంపాడట. నేను చెవులు రిక్కించాను. ఎన్ని అడుగుతుంది? ఆ అంకె పంచెలో వస్తుందా, చీరలోనా? ఆవిడ నోరు విప్పలేదు. అరచెయ్యి చాచి ఐదు వేళ్లు చూపించింది. ఆనక లోపల అట్టలు కంటబడేసరికి రెండో చెయ్యి కూడా ఎత్తింది.