చక్కుతాళ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. చక్కుతాళ మున్నఁ జాలునే పనివాడ!
తిప్పవలయు పిడికి తీరు గలదు;
వట్టి చుట్లు వడిగఁ, బట్టు మెల్లగఁ గూర్చి,
తాళ మూడ్చి మీట దరికిఁ జనుము.

అవతారిక: పద్యకర్తా వ్యాఖ్యాతా ఒక్కరే గనుక కవిహృదయం మీద తగవు లేదు. సందర్భం అరకులోయలో కాఫీ పండ్ల కోత. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా చెట్టు మీద ఎంత నిదానంగా పండినా, కోశాక మాత్రం ఆగదు. ఆ రోజే పల్పర్‌లో వేసి తొక్క ఒలవాలి. లేకుంటే పులుపెక్కడం మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే పల్పర్ షాఫ్టు అరిగిందనుకోండి. రైతు దాన్ని సంచిలో వేసుకొని లేత్ షాపు గుమ్మంలో నిలబడతాడు. ఆయన చూస్తుండగా తంటాలు పడే టర్నరుకు ఉపదేశం ఈ పద్యం.

ప్రతిపదార్థం: పనివాడ = ఓ టర్నరూ!; చక్కుతాళము = లేత్‌లో ఇనుమును దవడలతో పట్టే చక్కు తాళం (చక్ కీ); ఉన్నన్ = ఉన్నంతమాత్రాన; చాలునే = సరిపోతుందా? (పోదని భావం); తిప్పవలయు పిడికి = తిప్పాల్సిన హ్యాండిల్‌కు; తీరు గలదు = ఒక పద్ధతి ఉంది; వట్టి చుట్లు = దవడలు ఇనుమును తాకేలోపు తిరిగే చుట్లు; వడిగన్ = వేగంగా; పట్టు = బిగింపు; మెల్లగన్ కూర్చి = నిదానంగా కుదిర్చి; తాళము ఊడ్చి = తాళాన్ని బయటికి లాగి; మీట దరికిన్ = స్టార్ట్ చేసే మీట దగ్గరికి; చనుము = వెళ్ళు.

‘ఊడ్చి’ అనగా చీపురు పట్టమని కొందరి వ్యాఖ్య. రజను ఊడవడం మంచిదే గాని, అది షాపు మూసేటప్పటి పని.

వ్యాఖ్య: త్రీ జా చక్కు పక్కనున్న చదరపు రంధ్రంలో తాళం పెట్టి తిప్పితే లోపలి బెవెల్ పినియన్ తిరుగుతుంది. అది స్క్రోల్ ప్లేటును తిప్పుతుంది. ప్లేటు ముఖాన సుడులు తిరిగిన గాడి మూడు దవడలనూ ఒక్కసారే జరుపుతుంది. పినియన్ చిన్నది, ప్లేటు పెద్దది. అందుచేత చేతికి చుట్లు ఎక్కువ, దవడకు నడక తక్కువ. బిగింపుకు ఇదే బలం, తొందరకు ఇదే శత్రువు. సన్నని పిన్ను దింపి లావు షాఫ్టు ఎక్కించాలంటే, అడ్డుకడ్డీ తాళంతో అర చుట్టుకోసారి చెయ్యి మార్చుకోవాలి. అదే పిడిని వడ్రంగి బ్రేస్‌లాగా మధ్యలో వంచి, పట్టుకునేచోట తిరిగే గొట్టం తొడిగితే, చెయ్యి వదలకుండా గిరగిరా తిప్పవచ్చు. ‘తీరు’ అనగా ఇదే.

వంచే కడ్డీకి వంశగౌరవం కూడా కద్దు. బైలడిల గనుల ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలు మార్గాన అరకు మీదుగానే విశాఖకు దిగుతుంది. అక్కడి ఉక్కు కర్మాగారంలో కరిగి కడ్డీ అయితే, మళ్ళీ అనంతగిరి ఘాటెక్కి మన షాపుకే రావచ్చు.

ఆక్షేపం: వంపు పిడితోనే గట్టిగా బిగించరాదా?
సమాధానం: రాదు. వంపు పొట్టిదైతే వడి, పొడుగైతే బలం. రెండూ కావాలని పొడుగ్గా వంచితే పిడి లేత్ బెడ్‌కు తగులుతుంది, చెయ్యి పెద్ద ప్రదక్షిణం చెయ్యాలి. కనుక దవడలు తాకేదాకా వంపు పిడి, తాకినాక అడ్డుకడ్డీ.

ఆక్షేపం: అడ్డుకడ్డీకి పైపు తొడిగితే?
సమాధానం: చక్కు పళ్ళు విరుగుతాయి. బిగించేది పలుచని గొట్టమైతే నలిగి కోలగా మారుతుంది. ‘మెల్లగఁ గూర్చి’ అన్నది అందుకే.

ఆక్షేపం: తొందరలో తాళం చక్కులోనే ఉండిపోతే?
సమాధానం: మోటారు వెయ్యగానే అది బాణమై వస్తుంది, వంపు పిడైతే మరీ బరువైన బాణం. చెయ్యి వదలగానే తాళాన్ని బయటికి తోసే స్ప్రింగు కొన్నిటికి ఉంటుంది. తిప్పడానికి అడ్డమని దాన్ని పీకేసే పండితులకు నమస్కారం. వారి ఎదుట నిలబడరాదు.

ఛందోవిశేషం: మూడో పాదంలో వట్టి–బట్టు ప్రాసయతి. అర్థంలో వడి ఉండి పద్యంలో వడి లేదనే మాట రాకుండా జాగ్రత్తపడ్డాం.

తాత్పర్యం: ఓ టర్నరూ! పనిలో కాలం తినేది బిగింపు కాదు, బిగింపు దాకా చేసే వట్టి తిరుగుడు. వేగం అక్కడ చూపించు. పట్టు దగ్గర నిదానించు. తాళం చేతిలోకి వచ్చాకనే మీట ముట్టుకో.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని నిత్యం పఠిస్తే పుణ్యం వస్తుందో రాదో చెప్పలేం. మూడో పాదాన్ని పాటించినవారికి పినియన్ పళ్ళు, నాలుగో పాదాన్ని పాటించినవారికి నోటి పళ్ళు నిలుస్తాయి.